సరి సంఖ్య ఇళ్ళకు పీత లేదు

నమోదు 1

కేంద్రం వాళ్ళు నాకొక పడవ, ఒక నీలం చొక్కా, ఒక ప్రశ్న ఇచ్చారు. పడవ పాతది, చొక్కా పెద్దది, ప్రశ్న చిన్నది: "ఈ వారంలో మీరు ఆసుపత్రి ఓడ ఎక్కారా?" ఎక్కలేదంటే చేతిపెట్టె మీద ఆకుపచ్చ మీట నొక్కాలి. ఎక్కామంటే ఎర్రది. మూడో మీట లేదు.

దీని పేరు ఇంటిపట్టు పథకం. ముసలివాళ్ళను ఇంటి దగ్గరే చూసుకుని, ఓడ దాకా పోనివ్వకుండా ఉంచడం. ఉద్దేశం మంచిదే, కాదనను. సముద్రం లంకల్ని మింగాక ఆసుపత్రి కూడా నీళ్ళ మీదికే వచ్చింది. ఓడ ఎక్కినవాళ్ళు చాలామంది బతికే వస్తారు. కానీ మంచానికి అంటించి ఉంచి కాళ్ళలో సత్తువంతా తీసేసి పంపుతారు. మా వరుసలో ఇళ్ళన్నీ స్తంభాల మీద కట్టినవి. వాకిలికీ వాకిలికీ మధ్య ఒక చెక్క బల్ల, కింద ఉప్పునీళ్ళు. ఆ బల్ల మీద నడవలేని మనిషి ఇక తన గుమ్మానికి ఖైదీ.

పథకంలో భాగంగా ప్రతి బేసి సంఖ్య ఇంటికీ ఒక యంత్రం ఇచ్చారు. కాగితాల్లో దానికి మూడు వరుసల పేరుంది. ఆరు కాళ్ళతో పక్కవాటుగా నడుస్తుంది కాబట్టి జనం పీత అన్నారు, అదే నిలిచింది. పొద్దున్నే మనిషిని వీపు మీద నిలబెట్టుకుని బరువు చూస్తుంది. గుండె వింటుంది. పాదాలు నొక్కి నీరు చేరిందేమో కనిపెడుతుంది. దాన్నిబట్టి పొట్టలోంచి మాత్ర తీసి చేతిలో పెడుతుంది. సరి సంఖ్య ఇళ్ళకు పీత లేదు. వాళ్ళకు నేనూ, నా ప్రశ్నా. ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ పోల్చి చూస్తేనే పథకం పనిచేసిందో లేదో తేలుతుందట. అందుకని ఆ ఇళ్ళను పోలిక ఇళ్ళు అంటారు.

మొదటి వారంలోనే ఎనిమిదో నంబరులో శేషావతారం తాత నిద్రలో పోయాడు. పాడె పడవ కనుచూపు దాటాక కూడా నా చేతిపెట్టె అడుగుతూనే ఉంది, ఓడ ఎక్కారా అని. ఎక్కలేదు. ఆకుపచ్చ నొక్కాను. "అభినందనలు" అని వచ్చింది. ఆయన ఆ తరవాత కూడా ఓడ ఎక్కలేదు. వారం వారం అభినందనలు అందుకుంటున్నాడు. చనిపోయినవాళ్ళకు వేరే మీట పెట్టమని పైకి రాశాను. నా సూచన పరిశీలనలో ఉందట.

నమోదు 2

కేంద్రం నుంచి ఫిర్యాదు వచ్చింది. అయిదో నంబరు ఇంటి పీత చెడిపోయిందని. ఆ ఇంటి భూలక్ష్మి అనే వృద్ధురాలు రోజూ పొద్దున నలభై ఆరు కిలోలు ఉంటోంది, కాసేపటికి డెబ్భై రెండు కిలోలవుతోంది, మధ్యాహ్నానికి ఏమవుతుందోనని వాళ్ళ ఆందోళన. వెంటనే సరిచేయవలెను.

యంత్రాలు విప్పడం నాకు వచ్చు. ఎవరూ నేర్పలేదు, పాడైన మోటార్లు దొరికినప్పుడల్లా విప్పి, మళ్ళీ కూర్చి నేర్చుకున్నాను. సామాన్ల సంచీ తీసుకుని వెళ్ళాను. భూలక్ష్మి మామ్మ వాకిట్లో ఎండు రొయ్యలు చెరుగుతోంది. పీత లేదు.

"పీతేదీ మామ్మా?"

"పక్కింటికెల్లింది. ఒచ్చేత్తది, కూకో."

"పక్కింటికా? ఎవరు పంపారు?"

"ఎవరు పంపుతారే, నేనే పంపా. అంకినీడు కాళ్ళు సూసి రమ్మన్నా."

పీత ఇంటి మనిషి చెప్పిన మాట వింటుంది. అలాగే తయారుచేశారు దాన్ని. పోయి ఫలానా మనిషిని చూడు అంటే పోయి చూస్తుంది. కానీ లెక్క రాసేటప్పుడు మాత్రం దానికి తెలిసిన పేరు ఒక్కటే, భూలక్ష్మి.

"ఇది అయిదో నంబరుకిచ్చింది మామ్మా. ఆరుకు కాదు."

"అయిదుకే ఇచ్చారు, నేను కాదన్నానా? మొన్న మా తమ్ముడు పంపిన జున్నూ అయిదుకే వచ్చింది. సగం ఆరుకు పోలా?"

"ఇది జున్ను కాదు."

"తెలుసులే. జున్నయితే తిని, మిరియం తక్కువైందనేవోడు. దీన్నింకా ఏం అనట్లా."

అవతలి వాకిట్లోంచి అంకినీడు తాత గొంతు వినిపించింది. "అంటన్నాను భూలచ్చమ్మా, దాని కాళ్ళు చల్లగుంటన్నయ్. కాసేపు ఎండలో పెట్టి పంపు."

మా వరుసలో ఇది పుట్టుకతో వచ్చే అలవాటు. ఇంటికి ఏదొచ్చినా బల్ల దాటి పక్కింటికి ఒక గిన్నె పోవాలి. పక్క తలుపు తీసుండగా ఒక్కళ్ళే తింటే ఇక్కడ దాన్ని తిండి అనరు. అలాంటి చోటుకొచ్చి ఒక ఇంటికి పీతనిచ్చి, పక్కింటికి ఇవ్వకుండా, రెంటి మధ్యా బల్ల ఉంచి వెళ్ళారు.

మామ్మ గొంతు తగ్గించింది. "ఆయాసవే ఆడికి. పడుకుంటే ఊపిరాడక కూకునే ఉండేవోడు. పీత మాత్రలొచ్చాక మనిషిలా ఎల్లకిలా పడుకుంటన్నాడు. గురకెడతన్నాడు కూడా, అదొక గోల."

అంకినీడు తాత గుండె నీళ్ళు తోడలేదు. రోజూ చూసి మాత్ర ఒక పిసరు అటో ఇటో మారుస్తుంటే నిలబడతాడు. చూడకపోతే ఓడ. లేదా శేషావతారం తాత దారి.

సామాన్ల సంచీ విప్పకుండానే వచ్చేశాను. "యంత్రం బాగానే ఉంది" అని రాశాను. కేంద్రం నమ్మలేదు గానీ ఒక మార్గం కనిపెట్టింది. రెండో బరువును పొరపాటుగా భావించి రోజూ కొట్టేస్తారట. కాబట్టి అంకినీడు తాత బతికి ఉన్నందుకు రుజువు ప్రతి ఉదయం కేంద్రానికి చేరుతోంది, ప్రతి ఉదయం తుడిచేస్తున్నారు.

నమోదు 3

ఊరికే ఉండలేక మిగతా ఇళ్ళూ చూశాను. వరుసంతా ఇదే. పొద్దున తొమ్మిదో నంబరు పీత పదిలోకి, పదకొండు పీత పన్నెండులోకి. పొద్దెక్కే వేళకు బల్లలన్నీ టకటకమంటాయి.

ఇవాళ పరిశీలకురాలు అభిజ్ఞ మేడమ్ వచ్చింది. పథకం ఫలితం తేల్చే మనిషి. నాకంటే ఓ పదేళ్ళు పెద్దది. నా పడవలోనే తిప్పాను.

"ఫలితం వచ్చేసింది నాంచారీ," అంది. "బేసి ఇళ్ళలో ఓడ ఎక్కినవాళ్ళు బాగా తక్కువ."

"మంచిదే కదా మేడమ్."

"సరి ఇళ్ళలోనూ అంతే తక్కువ. తేడా లేదు. తేడా లేకపోతే పీత వల్ల ఉపయోగం లేదని అర్థం. వెనక్కి తీసుకెళ్ళిపోతారు."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఎలా ఉండేదో తెలియదు. మూసుకోలేదు.

"తేడా ఎక్కడ నుంచి వస్తుంది మేడమ్? మీరు ఒక చెంబులో నీళ్ళు పోసి, పక్క చెంబు ఎందుకు నిండిందని అడుగుతున్నారు. ఈ వరుసలో పీత లేని ఇల్లు లేదు."

ఆమెకు అర్థం కాలేదు. అయిదో నంబరు ముందు పడవ ఆపాను. సరిగ్గా అప్పుడే పీత బల్ల మీదికెక్కి, మమ్మల్ని చూసి ఆగి, మళ్ళీ పక్కవాటుగా ఆరో నంబరులోకి పోయింది. అభిజ్ఞ మేడమ్ ముందు నవ్వింది. చాలాసేపు నవ్వింది. తరవాత నుదురు పట్టుకుంది.

"పోలిక సరిగ్గా ఉండాలని పక్కపక్క ఇళ్ళే ఎంచుకున్నాం. ఒకే గాలి, ఒకే నీళ్ళు, ఒకే తిండి."

"ఒకే తిండి ఎలా అయిందో అడగాల్సింది."

"నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు?"

"దానికి మీట లేదు మేడమ్."

ఆమె చెడ్డది కాదు. చెడ్డదైతే సులువుగా ఉండేది. పడవ దిగేటప్పుడు, "నేను దీన్ని రాయక తప్పదు, అబద్ధం రాయలేను కదా" అంది. రాయండి అన్నాను. నిజం బయటపడితే పీతలు ఉంటాయనుకున్నాను. అంత తెలివి నాది.

నమోదు 4

ఆదేశం వచ్చింది. పోలిక చెడింది కాబట్టి మళ్ళీ మొదలుపెడతారట. ఈ చలికాలమంతా, వేసవి దాకా. బేసి ఇంటికీ సరి ఇంటికీ మధ్య బల్లలు తీసెయ్యాలి. పీతలు గుమ్మం దాటకుండా కట్టడి చెయ్యాలి. ఈసారి సరి ఇళ్ళవాళ్ళు నిజంగా ఏ సాయమూ లేకుండా ఉండాలి. వాళ్ళు తగినంతమంది ఓడ ఎక్కితే పీత పనిచేస్తుందని తేలుతుంది, అప్పుడు అందరికీ ఇస్తారు.

అంటే పీత మంచిదని ఒప్పుకోవాలంటే అంకినీడు తాత కుప్పకూలాలి. కూలకపోతే పీత దండగ.

బల్లలు తీసే పని నాదే. తియ్యకపోతే పీతల్ని ఇప్పుడే ఎత్తుకుపోతారు. అయిదుకూ ఆరుకూ మధ్య మేకులు పీకుతుంటే ఇద్దరూ చెరో వాకిట్లో నిలబడి చూశారు.

"తియ్యవే నాంచారీ, బెంగెట్టుకోకు," అన్నాడు తాత. "నేను పడిపోతే లెక్క తేలుద్ది. మిగతా వరుసలన్నిట్లో ముసిలోళ్ళకి పీతలొత్తయ్. నా వయసోడు ఇంకేం పనికొత్తాడు?"

"నువ్వు పడితే తేలేది నువ్వు, లెక్క కాదు," అంది మామ్మ.

"నీకేం, బేసి దానివి."

"ఆ నంబరు నేనేసుకున్నానా? పుట్టినప్పట్నుంచీ ఇల్లిక్కడే ఉంది. నువ్వే వచ్చి ఆరులో కూకున్నావ్. ఓ ఇల్లు అవతలకి పోయుంటే ఏడయ్యేది."

తాతకు నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది. ఆ బల్లను అడ్డంగా నా పడవలో పెట్టుకుని వచ్చేశాను. వరుసలో ఎవరూ నాతో మాట్లాడలేదు. వాళ్ళ చోట ఉంటే నేనైనా మాట్లాడను.

నమోదు 5

పోయిన వారం ఆరో నంబరుకు వెళ్ళాను. తాత గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుకోవడం మానేశాడట. పాదాలు పొంగి, వేళ్ళ మధ్య సందులు కనిపించడం లేదు. నియమం ప్రకారం నేను ముట్టుకోకూడదు. ప్రశ్న మాత్రం అడగాలి.

"ఈ వారంలో మీరు ఆసుపత్రి ఓడ ఎక్కారా?"

"ఇంకా... లేదు," అన్నాడు. ఆ రెండు ముక్కలకు మధ్య ఊపిరి తీసుకున్నాడు. "ఆకుపచ్చది నొక్కు."

నొక్కలేదు. నా బొటనవేలు ఆయన పాదం మీద పెట్టి నొక్కాను. తీశాక గుంట అలాగే ఉండిపోయింది, తడి మట్టిలో అడుగేసినట్టు.

"లే తాతా."

"యాడికి?"

"నియమాల్లో రాసుంది. బేసి సంఖ్య ఇంట్లో నివసించే వృద్ధులందరికీ పీత సేవ. నివసించే అనే రాశారు, పుట్టిన అని రాయలేదు."

"నేను ఎల్లిపోతే లెక్క?"

"లెక్క సంగతి లెక్కకు తెలుసు. లే."

మోసుకెళ్ళి పడవలో కూర్చోబెట్టాను. అయిదో నంబరు ఎంత దూరం, ఒక్క తెడ్డు వేటు. మామ్మ గుమ్మంలోనే ఉంది. చాప పరిచే ఉంది, దిండూ పెట్టే ఉంది. నేను ఎప్పుడు తెస్తానా అని చూస్తోందని అప్పుడు అర్థమైంది.

"ఇన్నాళ్ళు పట్టిందా నీకు? పెద్ద సదువులు సదవని పిల్లవి, నీకైనా బుర్రుంటదనుకున్నా."

"ఊళ్ళో ఏవనుకుంటారే భూలచ్చమ్మా," అన్నాడు తాత, ఆ ఆయాసంలోనే.

"అనుకోనియ్. మనం దొంగతనంగా చేసే పనేవన్నా మిగిలుంటే ఆళ్ళనే సెప్పమను, చేద్దాం."

పీత వచ్చి పాదాలు నొక్కింది. ఒకటికి రెండు మాత్రలిచ్చింది. చీకటి పడకముందే ఆయన మూడుసార్లు ఒంటేలుకు లేచి ఇంటి వెనక్కి వెళ్ళొచ్చాడు. నేను చేతిపెట్టెలో ఆయన ఇంటి నంబరు మార్చాను.

వరుసకు కళ్ళున్నాయి. రెండు రోజులకు పది వాళ్ళు తొమ్మిదికి మారారు. పన్నెండులో అక్కచెల్లెళ్ళిద్దరూ పెట్టెలు సర్దుకుని పదకొండుకు. వారం తిరిగేసరికి సరి ఇళ్ళలో ముసలివాళ్ళు ఒక్కరూ లేరు.

నమోదు 6

సరి ఇళ్ళకు ప్రశ్న అడగడం నా ఉద్యోగం. అడుగుతున్నాను. తాళం ముందు నిలబడి, ఈ వారంలో మీరు ఆసుపత్రి ఓడ ఎక్కారా అంటాను. తాళం ఏమీ అనదు. "ఇంట్లో ఎవరూ లేరు" అని రాసి పంపాను. "ఓడ ఎక్కారా?" అని తిరిగొచ్చింది. ఎక్కలేదు. ఆకుపచ్చ.

వేసవి వచ్చింది, ఫలితమూ వచ్చింది. బేసి ఇళ్ళలో ఇద్దరు ఓడ ఎక్కారు. జనం రెట్టింపయ్యారు కాబట్టి అదీ తక్కువే. సరి ఇళ్ళలో ఎక్కినవాళ్ళు సున్నా. ఇంటిపట్టు పథకం చరిత్రలో ఇంత మంచి ఫలితం ఎక్కడా రాలేదట.

అభిజ్ఞ మేడమ్ గొంతు చేతిపెట్టెలో పలికింది. "నాంచారీ, సరి ఇళ్ళు ఇంత బాగా ఎలా ఉన్నాయి?"

"ఖాళీగా ఉన్నాయి మేడమ్. అందుకని."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తరవాత, "పైకి చెప్తాను" అంది. చెప్పింది కూడా. అప్పటికే పథకాన్ని నడిపే సంఘానికి అధ్యక్షుడు శ్రీధరమూర్తి గారు ప్రకటన చేసేశారు. పీతలు అక్కర్లేదు, సరి సంఖ్య పద్ధతే తీరమంతా అమలు. ఒక మనిషి, ఒక ప్రశ్న. నాకు సన్మానం. సన్మానానికి వచ్చినప్పుడే పీతలన్నిటినీ ఎక్కించుకుని పోతారు.

తాతకు చెప్పాను. "మంచిదేగా, నీకు శాలువా," అన్నాడు. మామ్మ మాత్రం చేట పక్కన పెట్టి, పీతను దగ్గరికి పిలిచి, తడిగుడ్డతో దాని కాళ్ళు తుడుస్తూ కూర్చుంది.

నమోదు 7

శ్రీధరమూర్తి గారు పొద్దున్నే అయిదో నంబరు ముందు దిగారు. తెల్ల పడవ, మైకు, శాలువా, పక్కన అభిజ్ఞ మేడమ్. వెనక ఖాళీ బల్లకట్టు, పీతల కోసం. వరుసంతా బేసి వాకిళ్ళలో కూర్చుంది. ఆయన మర్యాదస్తుడే, మామ్మకు దణ్ణం కూడా పెట్టారు.

"యంత్రం కంటే మనిషి ఆప్యాయత గొప్పదని ఈ వరుస నిరూపించింది," అన్నారు. "ఈ అమ్మాయి వారానికోసారి వెళ్ళి ఆప్యాయంగా పలకరించింది. అంతే, ఒక్కరూ ఓడ ఎక్కలేదు."

శాలువా కప్పబోతుంటే మైకు అడిగాను. ఇచ్చారు.

"సార్, నేను పలకరించింది తాళాల్ని. మనుషులంతా పీతలున్న ఇళ్ళలో ఉన్నారు, ఇక్కడే, మీ ఎదురుగా. మేడమ్ మీకు చెప్పారు."

"చిన్న చిన్న లోపాలు ఏ పరిశీలనలోనైనా ఉంటాయమ్మా."

"అయితే ఇంకోసారి సరిగ్గా చేద్దాం. ఈసారి పోలిక ఇళ్ళు మావి కాదు సార్. సంఘ సభ్యుల ఇళ్ళు పెట్టండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరన్నా ఉన్నారా?"

"మా అమ్మ ఉంది."

"ఆవిడకు పీత ఉంటే తీసేద్దాం. వేసవి దాకా చూద్దాం. నేనే వచ్చి వారానికోసారి ఆప్యాయంగా అడుగుతాను."

ఆయన నవ్వబోయి ఆగారు. "అదెలా కుదురుతుంది? ఆవిడకు గుండె జబ్బు. రోజూ చూడకపోతే పది రోజులు ఉండదు. అందుకేగా ఒకటి పాడైతే ఇబ్బందని రెండు పెట్టాను."

మైకు నా చేతిలోనే ఉంది, ఆయన ముఖానికి దగ్గరగా. వరుస చివరి ఇంటి దాకా వినిపించింది.  

భూలక్ష్మి మామ్మ అడిగింది. ఎత్తిపొడవడానికి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "రెండున్నాయా నాయనా? మరి మీ పక్కింట్లో ఎవరూ లేరా?"

ఆయన మైకు కోసం చెయ్యి చాపారు.

అభిజ్ఞ మేడమ్ తన పుస్తకం తెరిచింది. "సార్, రోజూ చూడకపోతే పది రోజులు ఉండరని అన్నారు. ఇది సంఘాధ్యక్షుల అంచనాగా ఫలితాల్లో రాయాలి."

"అది నా సొంత విషయం. రాయొద్దు."

"రాశాను సార్," అంది ఆమె.

తాత అంతసేపూ గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. మెల్లగా లేచి వచ్చి, బల్లకట్టు మీదికి దించే చెక్క మెట్టు మీద కూర్చున్నాడు. పీతల్ని ఎక్కించాలంటే ఆయన్ని దాటాలి. పన్నెండో నంబరు అక్కచెల్లెళ్ళు పడవలో వచ్చి ఆయన పక్కన సర్దుకున్నారు. తరవాత ఇంకో నలుగురు. ఒకరి మోకాళ్ళ మీద ఒకరు చెయ్యేసుకుని, తీరిగ్గా, ఎండ కాచుకుంటున్నట్టు. బల్లకట్టు కుర్రాళ్ళు సార్ ముఖం చూశారు. సార్ గడియారం చూసుకున్నారు.

బల్లకట్టు ఖాళీగానే వెళ్ళింది. శాలువా కూడా తీసుకెళ్ళారు.

నమోదు 8

రెండు ఆదేశాలు ఒకే రోజు వచ్చాయి. మొదటిది: అభిజ్ఞ పరిశీలకురాలి నివేదిక దృష్ట్యా, సంఘం మళ్ళీ కూర్చునే దాకా పీతలు ఎక్కడివక్కడ ఉంటాయి, బల్లలు తిరిగి వేసుకోవచ్చు, మిగతా వరుసల సంగతి తరవాత. ఆ తరవాత ఎప్పుడో రాయలేదు. అందుకని నాలుగు వరుసల వాళ్ళు పడవలు కట్టుకుని కేంద్రానికి అడగడానికి పోయారు. రెండోది: సభలో అమర్యాదగా ప్రవర్తించినందుకు నన్ను తీసేశారు. పడవ, చొక్కా, చేతిపెట్టె అప్పగించాలి. ఇచ్చేశాను. ప్రశ్న తిరిగివ్వమని అడగలేదు.

అంకినీడు తాత ఆరో నంబరుకు తిరిగి వెళ్ళలేదు. బల్ల వేస్తానంటే, ఇప్పుడే తొందరేముంది అన్నాడు. మామ్మ అయితే ఆ గురక భరించలేకపోతున్నానని వరుసంతా చెప్పుకుని తిరుగుతోంది.

ఇవాళ పొద్దున ఆయన పాదం మీద బొటనవేలు పెట్టి నొక్కాను. గుంట పడలేదు.